రిటైరైన రోజు హోదా ఎవరు రాస్తారు?

2021 మే 31న లెఫ్టినెంట్ జనరల్ అనిల్ చౌహాన్ తూర్పు కమాండ్ అధిపతిగా పదవీ విరమణ చేశారు. మూడు నక్షత్రాల హోదా, నలభయ్యేళ్ళ సర్వీసు. మామూలుగా అయితే పేరు పక్కన "రిటైర్డ్" అనే మాట చేరడంతో ఆయన సైనిక జీవితం ముగిసినట్టే. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోవడంతో చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి ఖాళీ అయింది. 2022 జూన్‌లో ప్రభుత్వం నిబంధనలు సవరించి, 62 ఏళ్ళు నిండని రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరళ్ళు కూడా ఆ పదవికి అర్హులేనంది. సెప్టెంబర్ 30న చౌహాన్ మళ్ళీ యూనిఫాం వేసుకున్నారు. ఈసారి నాలుగు నక్షత్రాల జనరల్‌గా.

రిటైరైన రోజున మనిషికి ఉన్న హోదా ఇక మారదనుకుంటాం. ఊళ్ళో గేటు మీది బోర్డు, పెళ్ళి శుభలేఖ, పెన్షన్ ఆర్డరు అన్నిచోట్లా ఒకటే మాట ఉంటుందనీ అనుకుంటాం. దగ్గరికెళ్ళి చూస్తే అక్కడ మూడు హోదాలున్నాయి. చివరి రోజున భుజం మీద ఉన్నది ఒకటి. పెన్షన్ లెక్కకు పనికొచ్చేది ఒకటి. జనం పిలిచేది మరొకటి. ఎక్కువమంది విషయంలో మూడూ కలిసే ఉంటాయి గనక ఎవరూ పట్టించుకోరు. విడిపోయినప్పుడు మాత్రం ఫైళ్ళు కదులుతాయి, కోర్టులు నిండుతాయి. గత ఇరవయ్యేళ్ళలో మన మాజీ సైనికులు వేసిన కేసుల్లో పెద్దవి కొన్ని ఈ మూడింటి మధ్య సందులోంచి పుట్టినవే.

ముందు ఆఫీసర్ల సంగతి. సైన్యంలో ప్రమోషన్లు రెండు రకాలు. కొన్ని కాలం గడిస్తే వస్తాయి, కొన్ని బోర్డు ఎంపిక చేస్తేనే వస్తాయి. లెఫ్టినెంట్‌గా చేరినవాడు రెండేళ్ళకు కెప్టెన్, ఆరేళ్ళకు మేజర్, పదమూడేళ్ళకు లెఫ్టినెంట్ కల్నల్ అవుతాడు. పరీక్షలు, వైద్య అర్హత, శుభ్రమైన రికార్డు ఉంటే అక్కడిదాకా ఆటంకం లేదు. ఆ పైన కల్నల్‌కు మూడో నంబరు సెలక్షన్ బోర్డు, బ్రిగేడియర్‌కు రెండో నంబరు, మేజర్ జనరల్‌కు ఒకటో నంబరు. లెఫ్టినెంట్ జనరల్‌కు ప్రత్యేక బోర్డు. మెట్టు ఎక్కేకొద్దీ గుమ్మం ఇరుకవుతుంది. బోర్డు దాటలేకపోయినవాళ్ళకు 26 ఏళ్ళ సర్వీసు నిండితే టైమ్‌స్కేల్ కల్నల్ హోదా ఇస్తారు. భుజం మీద గుర్తులు అవే అయినా, చేసే పని మాత్రం లెఫ్టినెంట్ కల్నల్ చేసేదే. 2021 ఆగస్టులో ఐదుగురు మహిళా అధికారులు సిగ్నల్స్, ఈఎంఈ, ఇంజనీర్స్ విభాగాల్లో తొలిసారి ఇలా టైమ్‌స్కేల్ కల్నళ్ళయ్యారు. శాశ్వత కమిషన్ మీద సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు లేకపోతే వాళ్ళలో చాలామంది అంతకుముందే ఇంటికి వెళ్ళాల్సి వచ్చేది.

పౌర ఉద్యోగానికీ దీనికీ పెద్ద తేడా ఇంకొకటుంది. గుమాస్తా అయినా కార్యదర్శి అయినా కేంద్ర ప్రభుత్వంలో 60కే రిటైరవుతారు. సైన్యంలో రిటైరయ్యే వయసును హోదాయే నిర్ణయిస్తుంది. కల్నల్ దాకా 54, బ్రిగేడియర్‌కు 56, మేజర్ జనరల్‌కు 58, లెఫ్టినెంట్ జనరల్‌కు 60. దళాధిపతికి 62 ఏళ్ళు లేదా మూడేళ్ళ పదవీకాలం, ఏది ముందైతే అది. అందుకని కల్నల్ పైన ఒక బోర్డులో తప్పితే పోయేది ఒక నక్షత్రమే కాదు, రెండేళ్ళ జీతం కూడా. జవాన్ల దగ్గర ఈ లెక్క మరీ కఠినం. సిపాయిగానే మిగిలినవాడు నలభై చేరకముందే ఇంటికి రావచ్చు. అతనితోపాటు చేరి సుబేదార్ మేజర్ అయినవాడు మరో పదిహేనేళ్ళకు గానీ రాడు. ఒకే రోజు ఒకే రైలెక్కి ట్రైనింగ్ సెంటర్‌కు వెళ్ళిన ఇద్దరిలో ఒకడు కొడుకును హైస్కూల్లో చేర్చే వయసుకే మాజీ సైనికుడు అయిపోతాడు.

ఇందాక చెప్పిన రెండు, ఆరు, పదమూడు అనే లెక్క 2004 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. కార్గిల్ యుద్ధం తర్వాత, బెటాలియన్లు నడిపే కమాండర్ల వయసు మరీ ఎక్కువగా ఉందన్న ఆందోళనతో అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ వేశారు. దాని సిఫార్సుల ఫలితమిది. అంతకుముందు మేజర్ కావడానికి దాదాపు పదేళ్ళు పట్టేది, టైమ్‌స్కేల్ మీద లెఫ్టినెంట్ కల్నల్ కావడానికి దాదాపు ఇరవై. ఇంకా వెనక్కి, 1980ల్లోకి వెళ్తే అంతకంటే ఎక్కువే. కమిటీ ఉద్దేశం మంచిదే. కాకపోతే దాని నీడ పడిన చోటు వేరు.

2015 నవంబర్ 7న ప్రభుత్వం "ఒకే ర్యాంకు ఒకే పెన్షన్" ఆదేశాలు ఇచ్చింది. 2014 జులై 1 నుంచి అమలు. సూత్రం వినడానికి సరళంగా ఉంటుంది: ఒకే హోదాలో, ఒకే నిడివి సర్వీసుతో రిటైరైనవాళ్ళకు ఏ సంవత్సరంలో రిటైరైనా ఒకే పెన్షన్. 2013లో రిటైరైనవాళ్ళకు ఆ హోదాలో వచ్చిన కనిష్ఠ, గరిష్ఠ పెన్షన్ల సగటు తీసి పాతవాళ్ళకు అది వర్తింపజేశారు. సగటు కంటే ఎక్కువ తీసుకుంటున్నవాళ్ళకు తగ్గించలేదు. ఐదేళ్ళకోసారి సవరణ. ఏటా సవరించాలన్న మాజీ సైనికుల వాదనను సుప్రీంకోర్టు 2022 మార్చిలో ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూడండి. 1980ల్లో 22 ఏళ్ళు సర్వీసు చేసి మేజర్‌గా రిటైరైన ఒక అధికారి ఉన్నారనుకుందాం. ఆయన్ను 2013లో 22 ఏళ్ళ సర్వీసుతో మేజర్‌గా రిటైరైనవాడితో పోల్చాలి. అలాంటివాడు ఎక్కడున్నాడు? 2004 తర్వాత పదమూడేళ్ళకే లెఫ్టినెంట్ కల్నల్ అవుతున్నారు గదా! అంటే ఒకే పని, ఒకే నిడివి, కానీ హోదా పేరు వేరు. పెద్దాయన మేజర్ల వరుసలో, ఆయన కొడుకు వయసువాడు లెఫ్టినెంట్ కల్నళ్ళ వరుసలో. పాత మేజర్లు చాలాకాలంగా అడుగుతున్నది దీని గురించే. హోదాను కొలబద్దగా పెట్టుకున్న ప్రభుత్వం, మధ్యలో ఆ కొలబద్ద పొడవునే మార్చింది. మార్చాక దాంతోనే పాత గుడ్డనూ కొలుస్తోంది. ఈ విధానంలో అసలు లోపం ఇదేనని నా అభిప్రాయం. డబ్బు చాలదన్న ఫిర్యాదు దీని తర్వాతే.

హోదాకు డబ్బు కట్టడంలో మన రక్షణ శాఖకు మంచి రికార్డు లేదు. నాలుగో వేతన సంఘం తర్వాత 1986 జనవరి 1 నుంచి కెప్టెన్ మొదలు బ్రిగేడియర్ దాకా నెలకు 200 నుంచి 1,200 రూపాయల ర్యాంక్ పే ఇచ్చారు. ఇచ్చినట్టే ఇచ్చి, మూల వేతనం నిర్ణయించేటప్పుడు అంతే మొత్తం తగ్గించారు. ఒక మేజర్ కేరళ హైకోర్టుకు వెళ్ళి 1998లో గెలిచారు. మిగతావాళ్ళకు అదే న్యాయం సుప్రీంకోర్టు ద్వారా ఖాయమయ్యేసరికి 2012 వచ్చింది. 1986లో కెప్టెన్‌గా ఉన్న కుర్రాడు అప్పటికి పెన్షనర్.

పది నెలల నిబంధన ఇంకో చిత్రం. 2006కు ముందు ఒక హోదాలో కనీసం పది నెలలు పనిచేస్తేనే ఆ హోదాకు పెన్షన్. ఎనిమిది నెలల క్రితం నాయబ్ సుబేదార్ అయిన మనిషి ఆ గుర్తులతోనే వీడ్కోలు విందు తింటాడు, పెన్షన్ మాత్రం హవల్దార్‌ది తీసుకుంటాడు. ఆరో వేతన సంఘం తర్వాత చివరి జీతం, పది నెలల సగటు, ఈ రెంటిలో ఏది లాభమైతే అది లెక్కలోకి వచ్చింది.

ఇక జేసీవోల దగ్గరికి రావాలి. ఈ విషయంలో అసలు సారం ఇక్కడే ఉంది. జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ అనే వర్గం ఉపఖండపు సైన్యాలకే ప్రత్యేకం. సిపాయిగా చేరి నాయక్, హవల్దార్ మెట్లెక్కి నాయబ్ సుబేదార్, సుబేదార్, చివరికి సుబేదార్ మేజర్ అవుతారు. గుర్రపు దళం వారసత్వమున్న రెజిమెంట్లలో రిసాల్దార్ అంటారు. తెల్లవాళ్ళ కాలంలో వీళ్ళు వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు. నల్లవాడు ఎంత సీనియర్ అయినా, నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్ల లెఫ్టినెంట్‌కు సలాం కొట్టాల్సిన ఏర్పాటు. ఆ చేదును కాస్త తగ్గించడానికి ఈస్టిండియా కంపెనీ 1837లో ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా పెట్టింది. నమ్మకంగా చాలాకాలం పనిచేసిన దేశీయ అధికారులకు మొదటి తరగతిలో "సర్దార్ బహదూర్", రెండో తరగతిలో "బహదూర్" అన్న బిరుదు. దాంతోపాటు మొదటివారికి రోజుకు రెండు రూపాయలు, రెండోవారికి ఒకటి అదనం. అధికారం ఇవ్వలేనిచోట గౌరవం ఇవ్వడం, దానికి చిన్న మొత్తం ముడివేయడం అక్కడే మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక బహదూర్‌లు పోయారు. బ్రిటిష్ కాలం నుంచే ఉన్న ఆనరరీ కమిషన్ మాత్రం మిగిలింది. ఏటా జనవరి 26న, ఆగస్టు 15న ఎంపిక చేసిన జేసీవోలకు ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ హోదాలు ప్రకటిస్తారు. నౌకాదళంలో మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్లు ఆనరరీ సబ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ అవుతారు. వైమానిక దళంలో మాస్టర్ వారంట్ ఆఫీసర్లు ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లయిట్ లెఫ్టినెంట్. కొందరికి సర్వీసులో ఉండగానే వస్తుంది, కొందరికి రిటైరయ్యాక వస్తుంది. విశాఖలో తూర్పు నౌకాదళం నీడన స్థిరపడ్డ మాజీ నావికుల కాలనీల్లోనూ, తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళల్లోనూ ఆ రెండు పండగల ముందు ఈ జాబితా కోసం ఎదురుచూసే ఇళ్ళుంటాయి. పేరొస్తే ఆ రోజుకు ఆ ఇంట్లో వేరే పండగ అక్కర్లేదు.

1987లో సియాచిన్‌లో పాకిస్తాన్ వాళ్ళ ఎత్తైన స్థావరాన్ని పట్టిన నాయబ్ సుబేదార్ బానా సింగ్ పరమవీర చక్ర అందుకున్నారు. 2000లో సుబేదార్ మేజర్‌గా, ఆనరరీ కెప్టెన్ హోదాతో రిటైరయ్యారు. 1999లో టైగర్ హిల్ మీద ఒళ్ళంతా తూట్లుపడినా పోరాడిన పందొమ్మిదేళ్ళ గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్ కూడా 2021 చివర్లో ఆనరరీ కెప్టెన్‌గానే బయటికొచ్చారు. అటు డెహ్రాడూన్ నుంచి పాసై వచ్చిన కుర్రాడు రెండేళ్ళలో కెప్టెన్. ఇటు పరమవీర చక్ర ఛాతీ మీద ఉన్నవాడికి ఇరవై పైచిలుకు ఏళ్ళ తర్వాత, ఇంటికెళ్ళే ముందు, ఆనరరీ అనే మాట తగిలించిన కెప్టెన్. ఆనరరీ కెప్టెన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రెజిమెంట్లో ఆయనకుండే గౌరవం ఏ కుర్ర కెప్టెన్‌కూ ఉండదు. కానీ ఆ గౌరవం ఆయన సంపాదించుకున్నదేనా, ప్రభుత్వం ఇచ్చింది కూడా ఏమైనా ఉందా అని అడిగితే జవాబు మొహమాటంగా ఉంటుంది.

మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో ఆ జవాబు కనిపిస్తుంది. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఎవరికి ఎలాంటి గది అన్నది హోదా చూసే ఇస్తారు. హవల్దార్ దాకా జనరల్ వార్డు. నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా సెమీ ప్రైవేట్. ఆఫీసర్లకు ప్రైవేట్ గది. ఆనరరీ నాయబ్ సుబేదార్‌కు సెమీ ప్రైవేట్ దక్కుతుంది. అంటే ఆ హోదా నిజంగా ఒక మెట్టు పైకి ఎక్కించింది. ఆనరరీ కెప్టెన్‌కు కూడా సెమీ ప్రైవేటే. పేరులో కెప్టెన్ చేరినా గది మారలేదు. హోదాల మీద రాసిన నిబంధనల పుస్తకాలన్నింటికంటే ఈ పట్టికే ఎక్కువ నిజం చెబుతుందని నాకనిపిస్తుంది.

హవల్దార్లకు రిటైరయ్యేటప్పుడు ఇచ్చే ఆనరరీ నాయబ్ సుబేదార్ హోదా కథ కోర్టుల్లో సాగింది. చాలాకాలం అది ఉత్త పేరే, పెన్షన్ హవల్దార్‌దే. ఆరో వేతన సంఘం తర్వాత 2006 జనవరి 1 నుంచి నాయబ్ సుబేదార్ పెన్షన్ ఇవ్వాలని నిర్ణయించారు. అయితే ఆ తేదీ తర్వాత రిటైరైనవాళ్ళకే అని మెలిక పెట్టారు. అంతకుముందువాళ్ళు ఊరుకోలేదు. సాయుధ దళాల ట్రిబ్యునల్ చండీగఢ్ బెంచి 2010లో వాళ్ళవైపు తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టూ ప్రభుత్వ వాదన అంగీకరించలేదు. ఒకే కాగితం, ఒకే సంతకం, ఒకే హోదా. తేదీ ఒక్కటే తేడా. దానికి ఇన్నేళ్ళ వ్యాజ్యం.

ఇందులోనే మరో చిక్కు ఉంది. ఎనిమిదేళ్ళకు, పదహారేళ్ళకు, ఇరవై నాలుగేళ్ళకు ప్రమోషన్ రాని జవాన్లకు పై హోదా జీతం ఇచ్చే పథకం ఎంఏసీపీ. దీనికింద హవల్దార్‌గా ఉంటూనే నాయబ్ సుబేదార్ జీతం తీసుకుంటారు. ఇక్కడ డబ్బు ముందుకెళ్ళింది, హోదా వెనకే ఉండిపోయింది. ఆనరరీ పద్ధతికి అచ్చంగా తలకిందులు. రెండూ ఒకే కార్యాలయం నుంచి, ఒకే వర్గం కోసం వచ్చినవి!

పైమెట్టు మీద కూడా ఇదే గందరగోళం. ఫీల్డ్ మార్షల్‌కు రిటైర్‌మెంట్ లేదంటారు. జీవితాంతం సర్వీసులో ఉన్నట్టే. సామ్ మానెక్‌షా 1973 జనవరి 1న ఫీల్డ్ మార్షల్ అయ్యారు, పదిహేను రోజులకు సైన్యాధిపతి పదవి వదిలారు. ఆ హోదాకు రావలసిన జీతభత్యాలు మాత్రం దశాబ్దాలపాటు అందలేదు. 2007లో, అప్పటికే మంచంలో ఉన్న ఆయనకు కోటి రూపాయలకు పైగా బకాయి చెక్కు ఇచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. కరియప్ప 1953లో రిటైరైతే 33 ఏళ్ళ తర్వాత, 1986లో ఫీల్డ్ మార్షల్‌ను చేశారు. 1969లో ఎయిర్ చీఫ్ మార్షల్‌గా దిగిపోయిన అర్జన్ సింగ్‌కు 2002లో మార్షల్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్ హోదా వచ్చింది. ఈ రెండూ రిటైరయ్యాక తిరగరాసిన హోదాలే. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పాల్సిందీ లేదు. పొరుగున పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ 1959లో, తానే దేశాధ్యక్షుడిగా ఉండగా ఫీల్డ్ మార్షల్ అయ్యారు. దానికి బోర్డు అక్కర్లేకపోయింది.

మనం దయతో, తేదీలతో, కోర్టు తీర్పులతో నడిపించేదాన్ని అమెరికా చట్టంతో నడుపుతుంది. అక్కడి సూత్రం: సంతృప్తికరంగా పనిచేసిన అత్యున్నత హోదాలో రిటైర్ కావాలి. మేజర్ దాకా ఆరు నెలలు, అంతకంటే పై హోదాలో సాధారణంగా మూడేళ్ళు పనిచేసి ఉండాలి. మూడు, నాలుగు నక్షత్రాల వాళ్ళ విషయంలో పని సంతృప్తికరమని రక్షణ మంత్రి ధ్రువీకరించాలి. "సంతృప్తికరంగా" అన్న ఆ ఒక్క మాట మీద అక్కడ ఎన్ని పోరాటాలో. తప్పు చేసినట్టు తేలితే, ఏ హోదా వరకు పని బాగుందో బోర్డు తేల్చి అక్కడికి దించుతుంది. సీఐఏ అధిపతిగా కూడా పనిచేసిన జనరల్ డేవిడ్ పెట్రేయస్ రహస్య పత్రాల వ్యవహారంలో 2015లో నేరం ఒప్పుకున్నారు. ఆయన రిటైరై అప్పటికి నాలుగేళ్ళు. అయినా నాలుగో నక్షత్రం తీసేయాలా అన్న చర్చ నడిచింది. 2016 జనవరిలో రక్షణ శాఖ వద్దని తేల్చింది. వైట్‌హౌస్ వైద్యుడిగా పనిచేసి తర్వాత కాంగ్రెస్ సభ్యుడైన ఒక రియర్ అడ్మిరల్‌ను 2022లో రిటైర్డ్ కెప్టెన్‌గా తగ్గించారు, 2025లో తిరిగి ఇచ్చారు. రాజకీయాల గాలి మారితే సంతృప్తి కూడా మారుతుందేమోనన్న అనుమానం వస్తే తప్పుపట్టలేం.

అన్నింటికంటే పెద్ద కథ పెరల్ హార్బర్‌ది. 1941 డిసెంబర్ 7 నాటికి పసిఫిక్ నౌకాదళానికి హస్బెండ్ కిమ్మెల్ నాలుగు నక్షత్రాల అడ్మిరల్. హవాయిలో సైన్యాన్ని నడిపిన వాల్టర్ షార్ట్ మూడు నక్షత్రాల జనరల్. రెండూ పదవిని అంటిపెట్టుకున్న తాత్కాలిక హోదాలు. పదవి ఊడగానే హోదా పోయింది. 1942లో ఇద్దరూ రెండు నక్షత్రాలతో రిటైరయ్యారు. యుద్ధకాలంలో పొందిన అత్యున్నత హోదాతోనే రిటైర్డ్ జాబితాలో ఉండొచ్చని 1947 చట్టం అందరికీ అవకాశం ఇచ్చింది, వీళ్ళిద్దరికి తప్ప. కుటుంబాలు పట్టు వదల్లేదు. 1999లో సెనేట్ 52–47 ఓట్లతో వాళ్ళ హోదా పునరుద్ధరించాలని కోరింది. ఏ అధ్యక్షుడూ సంతకం పెట్టలేదు. ఇద్దరూ చనిపోయి అప్పటికే దశాబ్దాలు. పైసా పెన్షన్ తేడా లేని ఆ నక్షత్రాల కోసం అన్నేళ్ళు పోరాడారంటే, హోదా అంటే జీతం స్లిప్పు అనుకునేవాళ్ళు దీన్నెలా అర్థం చేసుకుంటారో!

అమెరికా నౌకాదళంలో ఇంకో వింత ఆచారం ఉండేది. యుద్ధంలో సాహసానికి ప్రశంసలందుకున్న అధికారులను రిటైరయ్యే రోజున ఒక మెట్టు పైకి ఎక్కించేవారు. జీతం పెరగదు. సమాధి రాయి మీద చెక్కుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని ప్రమోషన్ అని దాన్ని ఎగతాళి చేసేవారు. 1959 నవంబర్ 1తో అది ఆగింది. అంతకుముందే చాలామంది కెప్టెన్లు రియర్ అడ్మిరళ్ళుగా ఇంటికెళ్ళారు. మన ఆనరరీ కమిషన్‌కు ఇది దూరపు చుట్టం. కాకపోతే అక్కడ లాభపడ్డది పైవాళ్ళు.

పిలుపు సంగతి మిగిలింది. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేస్తూ, సైనిక, విద్యా సంబంధ విశిష్టతలను మినహాయించింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, కనక చెల్లుతాయని, కానీ పేరుకు ముందూ వెనకా తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995 డిసెంబర్‌లో చెప్పింది. తెలుగు సినిమా టైటిళ్ళలో "పద్మశ్రీ" వేసుకున్నందుకు 2013లో మన హైకోర్టుకు వెళ్ళిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంటే భారతరత్నకు లేని హక్కు రిటైర్డ్ కెప్టెన్‌కు ఉంది. అందుకే జనరల్ కె.వి. కృష్ణారావు జమ్మూ కశ్మీర్ గవర్నర్‌గా ఉన్నప్పుడూ జనరలే. 1963లో చేరి మూడు నాలుగేళ్ళకే బయటికొచ్చిన అమరీందర్ సింగ్ పంజాబ్ ముఖ్యమంత్రి అయినా "కెప్టెన్" అంటేనే గుర్తుపడతారు.

రాసే పద్ధతి మీద కూడా సైన్యానికి పట్టింపు ఉంది. హోదా రిటైర్ కాదు, మనిషి రిటైరవుతాడు కనక "రిటైర్డ్" అన్నది పేరు తర్వాత రావాలంటారు. ముందు బ్రిగేడియర్, తర్వాత పేరు, చివర్లో రిటైర్డ్. మన పత్రికలు దీన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈ వ్యాసం కూడా పట్టించుకోలేదు.

చట్టం తీసేసినా జనం తీయని హోదాలూ ఉన్నాయి. ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద జరిగిన ఎర్రకోట విచారణలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లకు 1946 జనవరిలో పడ్డ శిక్షలో ద్వీపాంతరవాసాన్ని సైన్యాధిపతి ఆకిన్‌లెక్ రద్దు చేశాడు. కొలువు నుంచి బహిష్కరణను, జీతభత్యాల జప్తును మాత్రం ఖాయం చేశాడు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో వాళ్ళ హోదా అక్కడితో సున్నా. దేశమంతా మాత్రం జనరల్ షానవాజ్, కల్నల్ ధిల్లాన్ అనే పిలిచింది. ఝాన్సీరాణి రెజిమెంట్‌ను నడిపిన లక్ష్మి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో కల్నల్ అయినా, చివరిదాకా జనం నోట్లో కెప్టెన్ లక్ష్మే. సి.కె. నాయుడు కల్నల్ అయింది హోల్కర్ సంస్థాన సైన్యంలో. ఆ సంస్థానం పోయింది, ఆ సైన్యం పోయింది. క్రికెట్ బోర్డు ట్రోఫీ మీద మాత్రం ఇప్పటికీ కల్నల్ సి.కె. నాయుడే.

ఈ కాలంలో క్రీడాకారులకు ఇచ్చే గౌరవ హోదాలు దీనికి కొనసాగింపు. ధోనీ 2011 నుంచి టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్. సచిన్ 2010 నుంచి వైమానిక దళంలో గౌరవ గ్రూప్ కెప్టెన్. నీరజ్ చోప్రా దారి వేరు. 2016లో నాయబ్ సుబేదార్‌గా నిజంగానే సైన్యంలో చేరి, సుబేదార్ మేజర్ దాకా వచ్చి, 2025లో టెరిటోరియల్ ఆర్మీ గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. ఆనరరీ కెప్టెన్ దగ్గర ఆగిపోయే మామూలు సుబేదార్ మేజర్ ఈ వార్త చదివి ఏమనుకుంటాడో ఊహించగలం. రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చినవాడి మీద ఈర్ష్య పడడు గానీ, దారి లేదన్నచోట దారి వేయొచ్చని మాత్రం గమనిస్తాడు.

హోదా పోగొట్టుకునే దారులు తక్కువే. 1950 ఆర్మీ చట్టం ప్రకారం కోర్టు మార్షల్ ఆఫీసర్‌ను కొలువు నుంచి బహిష్కరించవచ్చు, లేదా డిస్మిస్ చేయవచ్చు. హవల్దార్‌నైతే సిపాయి స్థాయికి దించవచ్చు. ఆఫీసర్‌ను మేజర్ నుంచి కెప్టెన్‌కు దించే శిక్ష లేదు, సీనియారిటీ తగ్గించగలరంతే. రిటైరయ్యాక కూడా మూడేళ్ళలోపు విచారణ మొదలుపెట్టే వీలుంది. అమెరికాలోలాగా పెన్షన్ దశలో కూర్చుని ఏ హోదా వరకు పని బాగుందో తేల్చే బోర్డు మాత్రం మనకు లేదు. అది ఉంటే మంచిదని నేననుకోను. సంతృప్తిని కొలిచే అధికారం చేతికొస్తే దాన్ని ఎవరి మీద వాడతారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

మనకు కావలసింది అంతకంటే చిన్నది. ఏ తేదీన ఏ హోదా నిర్మాణం మారినా, అంతకుముందు రిటైరైనవాళ్ళ హోదాకు కొత్త నిర్మాణంలో సమానమైనది ఏదో అదే ఉత్తర్వులో పట్టిక వేసి ప్రకటించాలి. 2004లో అలాంటి పట్టిక ఉండి ఉంటే పాత మేజర్ల సమస్య పుట్టేదే కాదు. ఆనరరీ హోదా ఇచ్చేటప్పుడు దానితో ఏం వస్తుందో, ఏం రాదో అదే కాగితం మీద రాయాలి.

2022లో వచ్చిన అగ్నిపథ్ ఈ మెట్ల వరుసకే బయట ఒక మెట్టు కట్టింది. అగ్నివీర్ అన్నది ఇప్పటికే ఉన్న ఏ హోదాకూ సమానం కాని ప్రత్యేక హోదా అని పథకంలోనే రాశారు. నాలుగేళ్ళ తర్వాత నాలుగో వంతు మందిని మాత్రమే రెగ్యులర్ సైన్యంలోకి తీసుకుంటారు. మిగతావాళ్ళకు దాదాపు 11.71 లక్షల సేవానిధి, నైపుణ్య ధ్రువపత్రం. పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న గుర్తింపూ లేదు. తొలి బ్యాచ్ 2026 చివర్లో బయటికి వస్తుంది. అందులో మన జిల్లాల కుర్రాళ్ళూ ఉన్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కౌంటర్ దగ్గర నిలబడితే హోదా అనే గడిలో గుమాస్తా ఏం రాయాలో, అసలు ఆ దరఖాస్తు తీసుకోవాలో వద్దో చెప్పే ఉత్తర్వు ముందుగా రావాలి.